ఈ-లెర్నింగ్ : అర్థం, నిర్వచనం

జ్ఞానం గురుముఖతః లభించాలన్నది మన ప్రాచీనుల విశ్వాసం. వినికిడితో ఆరంభమైన విద్య కాలక్రమంలో తాళపత్రాలకు, అచ్చుపుస్తకాలకు, నేడు గాజుతెరకు చేరింది. ఈ పరిణామంలో సరికొత్త దశ 'ఈ-లెర్నింగ్'. 1990వ దశకం చివర వాడుకలోకి వచ్చిన ఈ పదంలో 'ఈ' అనేది 'ఎలక్ట్రానిక్' అనే మాటకు సంక్షిప్తరూపం. 'లెర్నింగ్' అంటే అభ్యసనం. అంటే ఇందులో పరికరం విశేషణం మాత్రమే, అభ్యసనమే విశేష్యం. ఈ పదాన్ని నిర్వచించేటప్పుడు చాలామంది మరచిపోయే విషయం ఇదే.

నిర్వచనం ఎలా ఉండాలో మన తర్కశాస్త్రం స్పష్టంగా చెప్పింది. నిర్వచనానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలు ఉండరాదు. గుంటూరు, ప్రకాశం సీమల్లో అందరికీ పరిచితమైన మిరపనే ఉదాహరణగా తీసుకుందాం. 'ఎర్రనిది మిరపకాయ' అంటే పచ్చిమిరపకాయకు ఆ లక్షణం చెల్లదు. ఇది అవ్యాప్తి. 'కారంగా ఉండేది మిరపకాయ' అంటే మిరియాలకు కూడా ఆ లక్షణం వర్తిస్తుంది. ఇది అతివ్యాప్తి. 'వేరుకు కాసేది మిరపకాయ' అంటే ఆ లక్షణం ఏ మిరపకాయకూ లేదు. ఇది అసంభవం.

ఈ-లెర్నింగ్‌కు వాడుకలో ఉన్న నిర్వచనాలను ఈ గీటురాయి మీద పరీక్షిద్దాం.

'ఇంటర్నెట్ ద్వారా నేర్చుకోవడమే ఈ-లెర్నింగ్' అనేది మొదటిది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలల్లోని 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు ముందే నిక్షిప్తం చేసిన ట్యాబ్‌లను పంపిణీ చేసింది. ఇంటర్నెట్ లేనిచోట కూడా ఆ పాఠాలను చదువుకోవచ్చు. కనుక ఈ నిర్వచనంలో అవ్యాప్తి దోషం ఉంది.

'ఎలక్ట్రానిక్ పరికరం ద్వారా సమాచారం పొందడమే ఈ-లెర్నింగ్' అనేది రెండవది. గుంటూరు మిర్చియార్డులో నేటి ధర ఎంతో సెల్‌ఫోన్‌లో చూసుకున్న రైతుకు సమాచారం అందింది. కానీ అది అభ్యసనం కాదు. ఇది అతివ్యాప్తి.

'గురువు లేకుండా యంత్రమే బోధించడం' అనేది మూడవది. ఇది అసంభవం. పాఠాన్ని ఊహించినవారు, క్రమపరచినవారు, ప్రశ్నలు కూర్చినవారు తెర వెనుక ఎప్పుడూ ఉంటారు. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇందుకు నిదర్శనం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలలో విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పాఠాలను డిజిటల్ రూపంలో అందించే పద్ధతిని అక్కడ చేపట్టారు. అయినా సందేహాలు తీర్చడానికి తరగతిలో మార్గదర్శకులను నియమించారు. తరువాత ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు కూడా ఈ విశ్వవిద్యాలయంలో చేరాయి.

ఈ ఉదాహరణ మరో భ్రమను కూడా తొలగిస్తుంది. దూరవిద్య, ఈ-లెర్నింగ్ ఒకటి కావు. 1982లో హైదరాబాదులో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ప్రసిద్ధం. అచ్చుపాఠాలను ఇంటికి పంపడం దూరవిద్య అవుతుంది కాని ఈ-లెర్నింగ్ కాదు. వసతిగృహంలో ఉంటూ తరగతి గదిలోనే ల్యాప్‌టాప్‌లో పాఠం నేర్చుకోవడం ఈ-లెర్నింగ్ అవుతుంది కాని దూరవిద్య కాదు.

కనుక దోషరహితమైన నిర్వచనం ఇలా ఉండవచ్చు: నిర్దిష్ట లక్ష్యంతో క్రమబద్ధంగా కూర్చిన పాఠాన్ని ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా అందుకొని, అభ్యాసకుడు ప్రశ్నించడానికి, సాధన చేయడానికి, తన ప్రగతిని పరీక్షించుకోవడానికి వీలున్న విద్యావిధానమే ఈ-లెర్నింగ్.

ఇందులో ప్రశ్నకు చోటుండటం ప్రధానం. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు 'సైట్' అనే ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు అందాయి. అది గొప్ప ప్రయత్నమే. కాని ఆ తెర చెప్పేదే తప్ప వినేది కాదు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం విద్యార్థి ప్రశ్నను దూరాన ఉన్న అధ్యాపకుడికి చేర్చే వీలు కల్పించింది. గురువు, శిష్యుడు ఒకే సమయంలో తెరపై కలుసుకోవడం ఏకకాలిక అభ్యసనం. నిక్షిప్తమైన పాఠాన్ని విద్యార్థి తనకు తీరికైన వేళ చదువుకోవడం భిన్నకాలిక అభ్యసనం. 2017లో ప్రారంభమైన 'స్వయం' వేదిక కోర్సుల్లో రెండవ పద్ధతికే ప్రాధాన్యం ఎక్కువ.

ఇంతకూ ఈ నిర్వచన చర్చ ఎందుకు? ఏటా మిరపకోతల కాలంలో కర్నూలు ప్రాంతపు పడమటి పల్లెల నుంచి ఎన్నో కూలి కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకు వలస వస్తాయి. పెద్దలతోపాటు పిల్లలూ వస్తారు. సరిగ్గా పరీక్షలు దగ్గరపడే రోజుల్లో వారి బడి ఆగిపోతుంది. బడి వెంట రాలేదు. పాఠం మాత్రం వెంట రాగలదు. కాని ఇంటికంతటికీ ఒకే ఫోను ఉండి, అది పగలంతా తండ్రి జేబులో ఉంటే, ఛార్జింగ్ పెట్టడానికి గుడిసెలో కరెంటు లేకపోతే, అర్థంకాని లెక్కను అడగడానికి మనిషి లేకపోతే ఆ పాఠం పిల్లవానిది కాదు. 2020లో కరోనా కారణంగా విద్యాలయాలు మూతపడినప్పుడు ఈ అంతరం దేశమంతటికీ తెలిసివచ్చింది.

పరికరం ఇచ్చాం కనుక విద్య ఇచ్చామనుకోవడం విశేషణాన్ని విశేష్యంగా పొరబడటమే. ఎన్ని తెరలు పంచారన్నది కాక, ఎందరు ప్రశ్న అడిగి సమాధానం పొందారన్నదే ఈ-లెర్నింగ్‌కు సరైన కొలమానం. ఆ కొలమానంతో చూసినప్పుడే చేనుగట్టున ఉన్న పిల్లవాడు కూడా విద్యార్థుల లెక్కలోకి వస్తాడు.