పిడికెడు ముక్కలు, బోలెడు బుకాయింపు

లవ్ లెటర్ అనే ఆటకు కావలసింది 16 ముక్కలే. జపాన్‌కు చెందిన సెయిజీ కనాయ్ తయారుచేసిన ఈ ఆట 2012లో వచ్చింది. అదే ఏడాది రిక్కీ టాహ్టా తెచ్చిన ‘కూ’లో ముక్కలు 15. అంతకు ఏడాది ముందు ఫ్రాన్స్‌లో ఎర్వే మార్లీ పేరుతో వచ్చిన ‘స్కల్’లో ముక్కలు కూడా లేవు, మనిషికి నాలుగు గుండ్రటి అట్టబిళ్ళలు, అంతే. పెట్టె చిన్నది, నియమాలు అయిదు నిమిషాల్లో చెప్పేయొచ్చు, అరగంటలో ఆట తేలిపోతుంది. ఇలాంటి ఆటలకు బోర్డు గేమ్ ఔత్సాహికుల్లో గట్టి అభిమానులూ ఉన్నారు, అంతే గట్టిగా పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాల మాటలూ వింటే వాదనంతా ఒకే చోట పుడుతున్నట్టు తెలుస్తుంది. ముక్కలు ఇంత తక్కువైనప్పుడు చెప్పే ప్రతి అబద్ధాన్నీ ఎదుటివాళ్లు లెక్కగట్టగలరు. ఆ లెక్క ఆటకు ప్రాణం పోస్తోందా, ప్రాణం తీస్తోందా అన్నదే తగువు.

బుకాయింపు ఆటలు కొత్తవేమీ కావు. హాస్టల్ గదుల్లో మామూలు పేకతో ఆడే ‘బ్లఫ్’ చాలామందికి తెలిసిందే. ముక్కలు బోర్లా వేసి ‘మూడు రాజులు’ అంటారు. నమ్మనివాళ్లు తిప్పి చూస్తారు. అయితే అక్కడ 52 ముక్కలు చేతులు మారుతుంటాయి కాబట్టి ఎవరి దగ్గర ఏముందో లెక్క పెట్టుకోవడం కష్టం. కట్టను 16కో 15కో కుదించిన ధోరణి ఎక్కువగా జపాన్‌లో బలపడింది. టోక్యోలో 2000 నుంచి జరుగుతున్న గేమ్ మార్కెట్ అనే సంతలో సొంతంగా ఆటలు అచ్చు వేయించుకునే వాళ్లు తమ బల్లల మీద పెట్టి అమ్ముకుంటారు. సొంత డబ్బుతో కొద్ది ప్రతులు వేయించుకునేవాళ్లకు ముక్కలు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. ఆ పరిమితే కొందరి చేతుల్లో శైలిగా మారింది.

లవ్ లెటర్ కథ సులువైనది: రాకుమారికి ప్రేమలేఖ చేర్చాలి. ఒక్కొక్కరి చేతిలో ఎప్పుడూ ఒక్క ముక్కే ఉంటుంది. వంతు రాగానే ఇంకొకటి తీసి, రెండింట్లో ఒకటి వేయాలి. కాపలావాడి ముక్కలు అయిదు. దాన్ని వేసినవాళ్లు ఎదుటివారి చేతిలో ఏముందో పేరు పెట్టి చెబుతారు. అది సరిపోతే ఎదుటివాళ్లు ఆ రౌండుకు ఔట్. రాకుమారి ఒక్కతే, ఆమెను చేజార్చుకున్నవాళ్లూ ఔటే. కట్ట అయిపోయేసరికి మిగిలినవాళ్లలో పెద్ద అంకె ఎవరి చేతిలో ఉంటే రౌండు వాళ్లది. రాజు, రాణి, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి, దొంగ ఎవరో పోలీసు చేత చెప్పించే పిల్లల ఆట కూడా ఈ కుటుంబానిదే. కాకపోతే అక్కడ పోలీసుకు ఎదుటివాళ్ల మొహాలు తప్ప ఆధారం లేదు. ఇక్కడ వేసిన ముక్కలన్నీ బల్ల మీద కళ్లెదుటే ఉంటాయి. అసలు బుకాయింపు కౌంటెస్ అనే ముక్కతో మొదలవుతుంది. రాజు గానీ రాకుమారుడు గానీ జత పడితే కౌంటెస్‌ను వేసి తీరాలి. అవి లేకపోయినా కావాలని వేయొచ్చు. వేసిన మనిషి చేతిలో రాజు మిగిలాడా, కాపలావాడు మిగిలాడా అని మిగతావాళ్లు తలపట్టుకుంటారు.

ఈ ఆట మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, ఒక్క ముక్క కూడా వేయకుండానే ఔటయ్యే ప్రమాదం. నలుగురి ఆటలో మొదటివాళ్లు కాపలావాడిని వేసి, తమ దగ్గర లేనిదీ కట్టలో రెండున్నదీ అయిన ముక్క పేరు చెప్పారనుకుంటే, వాళ్లకు కనిపించని 14 ముక్కల్లో అవి రెండు. గుడ్డిగా కొట్టినా ఏడింట ఒకసారి తగులుతుంది. రౌండు నిమిషాల్లో ముగుస్తుంది కదా, మళ్లీ పంచేసరికి అందరూ లోపలే ఉంటారు కదా అని అభిమానులు సర్దిచెబుతారు. అందులో న్యాయముంది. 2019లో కొత్త ముద్రణ వచ్చినప్పుడు ముక్కలు 21 అయ్యాయి, ఆరుగురు ఆడే వీలు కలిగింది. పాతవాళ్లలో చాలామంది అప్పుడే ముఖం చిట్లించారు. మనుషులు పెరిగారు గానీ, ఏ ముక్క ఎక్కడుందో వేళ్ల మీద లెక్కపెట్టుకునే పదును కొంత తగ్గింది. నలుగురికి పాత కట్టే మేలు.

కూ దగ్గరికొస్తే అభిప్రాయాలు ఇంకా చీలిపోతాయి. ఒక్కొక్కరికి రెండు రహస్య ముక్కలు, రెండు నాణేలు ఇస్తారు. డ్యూక్, కెప్టెన్, అసాసిన్, అంబాసిడర్, కాంటెస్సా అని అయిదు పాత్రలు, ఒక్కోటి మూడేసి. డ్యూక్ మూడు నాణేలు తీసుకుంటాడు, కెప్టెన్ ఎదుటివారి దగ్గర రెండు దోచుకుంటాడు, అసాసిన్ మూడు నాణేలు కట్టి ఒక ముక్కను చంపుతాడు, కాంటెస్సా ఆ దాడిని అడ్డుకుంటుంది. చేతిలో ఏమున్నా లేకున్నా ‘నేను డ్యూక్‌ని’ అని ప్రకటించి ఆ పని చేసేయొచ్చు. ఎవరైనా సవాలు చేస్తే మాత్రం తేలిపోవాలి. అబద్ధమైతే చెప్పినవాళ్లు ఒక ముక్క పోగొట్టుకుంటారు, నిజమైతే సవాలు చేసినవాళ్లు పోగొట్టుకుంటారు. ఏడు నాణేలు కూడితే నిరూపణలతో పనిలేకుండా ఎవరిదైనా ఒక ముక్క తీసేయొచ్చు. రెండు ముక్కలూ పోతే ఆట నుంచి బయటికి.

నాలుగు ఆటలు ఆడిన ప్రతి బృందమూ గమనించేది, మొదటి వంతులో అందరూ డ్యూకే అంటారని. ఆరుగురు కూర్చుంటే ఆరుగురు డ్యూకులు, ముక్కలు చూస్తే మూడే. నా చేతిలో డ్యూక్ లేకపోతే, మిగిలిన 13 ముక్కల్లో మూడు డ్యూకులు. ఎదుటివారి రెండు ముక్కల్లో కనీసం ఒకటి డ్యూక్ అయ్యే అవకాశం 42 శాతం. నా దగ్గరే ఒక డ్యూక్ ఉంటే అది 30 శాతానికి, రెండు ఉంటే 15 శాతానికి పడిపోతుంది. అంటే మొదటి వంతులో ఆ మాట అబద్ధం అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఎవరూ నోరెత్తరు. కారణం కట్టలో లేదు, బల్ల చుట్టూ ఉంది. సవాలు నెగ్గితే దొంగ డ్యూక్ బలహీనపడి ఆ లాభం అందరికీ దక్కుతుంది. తప్పితే నష్టం సవాలు చేసినవారి ఒక్కరిదే. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్న చిక్కు ఇదే. కూను ఇష్టపడేవాళ్లకు నచ్చేది ఈ మొహమాటమే. ఇద్దరు మిగిలేసరికి అది మాయమవుతుంది, సవాలు లాభనష్టాలు రెండూ ఆ ఇద్దరివే అవుతాయి. అక్కడినుంచి ఆట కూడికలు తీసివేతలుగా మారిపోతుందని విసుక్కునేవాళ్లున్నారు. అదీ కొంత నిజమే. కాంటెస్సా లేకపోయినా ఉందని చెప్పి పట్టుబడినవాళ్లకు అబద్ధానికి ఒకటి, అసాసిన్ దాడికి ఒకటి, ఒకే వంతులో రెండు ముక్కలూ పోతాయి. ఆరుగురి ఆటలో అలా మొదట్లోనే బయటపడి, మిగతా అయిదుగురి ఆట చూస్తూ కూర్చోవడం ఎవరికి నచ్చుతుంది!

అసలు ఎన్నిసార్లకు ఒకసారి అబద్ధమాడాలి? ఈ ప్రశ్నను గణితం చాలాకాలం కిందటే పట్టుకుంది. జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్ 1944లో ప్రచురించిన గేమ్ థియరీ గ్రంథంలో పోకర్ బుకాయింపును ప్రత్యేకంగా విశ్లేషించారు. 1950లో హెరాల్డ్ కూన్ దాన్ని మూడే ముక్కలకు దించాడు: జాకీ, రాణి, రాజు. ఇద్దరు ఆటగాళ్లు, చెరొక నాణెం ముందే కడతారు, చెరొక ముక్క అందుకుంటారు, పెంచదలిస్తే ఇంకొక్క నాణెం. మొదటివారు పెంచకుండా వదిలేశారనుకుందాం. రెండోవారు రాజుతో ఎప్పుడూ పెంచాలి. జాకీతో మూడింట ఒకసారి మాత్రమే పెంచాలి. అలా చేస్తే వాళ్లు పెంచిన ప్రతి నాలుగుసార్లలో మూడు నిజం, ఒకటి బుకాయింపు అవుతాయి. ఎదుట రాణి పట్టుకున్నవారికి చూడటానికి పట్టే ఖర్చు ఒక నాణెం, నెగ్గితే వచ్చేవి మూడు. చూసినా, వదిలేసినా సమానమే. ఇంతకన్నా తక్కువ అబద్ధమాడితే పెంచినప్పుడల్లా వాళ్లు వదిలేస్తారు, ఎక్కువ ఆడితే ప్రతిసారీ చూస్తారు. బుకాయింపు గుండె ధైర్యం మాత్రమే కాదు, దానికి మోతాదు కూడా ఉంది. కూలో మొదటి వంతు డ్యూక్ అబద్ధానికి ఈ మోతాదు పనిచేయదు, ఎందుకంటే అడిగే మనిషి తగినంత తరచుగా అడగడం లేదు.

స్కల్‌కు ఔత్సాహికుల్లో ఉన్న గౌరవం ఇక్కడినుంచే అర్థమవుతుంది. ఒక్కొక్కరి దగ్గర మూడు పూలు, ఒక పుర్రె. అందరూ ఒక్కో బిళ్ళ బోర్లా పెడతారు. ఆ తర్వాత వంతు వచ్చినవాళ్లు ఇంకొక బిళ్ళ పెట్టొచ్చు, లేదా ‘మూడు పూలు తిప్పుతాను’ అని పాట మొదలుపెట్టొచ్చు. ఎక్కువ పాడినవాళ్లు పాడినన్ని బిళ్ళలు తిప్పాలి, ముందు తమవన్నీ తిప్పాకే ఇతరులవి ముట్టుకోవాలి. ఎక్కడైనా పుర్రె బయటపడితే ఒక బిళ్ళ శాశ్వతంగా పోతుంది. రెండుసార్లు నెగ్గితే గెలుపు. ఇక్కడ ముక్కలు పంచడమే లేదు, కాబట్టి నాకు మంచి ముక్కలు పడలేదన్న సాకు ఎవరికీ మిగలదు. పుర్రె పెట్టి ధీమాగా పాడినవాళ్లు, ఎవరూ తమను దాటి పాడకపోతే సొంత గోతిలోనే పడతారు. అబద్ధానికి వెల పెట్టడంలో ఇంత పొదుపైన ఆట మరొకటి చూపించడం కష్టం. ఫ్రాన్స్‌లో 2011 ఆస్ డోర్ బహుమతి దీనికే దక్కింది. దీన్ని ఆడటానికి పెట్టె కొనక్కర్లేదని కూడా అభిమానులే చెబుతారు. మామూలు పేకలోంచి మనిషికి మూడు ఎర్ర ముక్కలు, ఒక నల్ల ముక్క తీసిస్తే ఆరుగురి ఆట సిద్ధం. దళసరి బిళ్ళలు చేతిలో తిప్పుకుంటూ ఆలోచించే సుఖం మాత్రం పేకముక్కల్లో రాదు.

ఝాక్ జైమెట్ 2004లో చేసిన కాక్రోచ్ పోకర్ వేరే తరహా. బొద్దింక, ఎలుక, ఈగ, కప్ప, తేలు వంటి ఎనిమిది జాతులు, ఎనిమిదేసి ముక్కలు. ఒక ముక్కను బోర్లా జరుపుతూ ‘ఇది బొద్దింక’ అనాలి. అందుకున్నవాళ్లు నిజమనో అబద్ధమనో తేల్చాలి, లేదా తాము చూసి ఇంకొకరికి జరపాలి. ఒకే జాతివి నాలుగు ఎదుట చేరినవాళ్లు ఓడిపోతారు. గెలిచేవాళ్లంటూ లేరు, ఓడేవాళ్లు ఒక్కరే. అదే దీని సరదా, అదే దీని ఇబ్బంది. మూడు తేళ్లు పోగైన మనిషి మీదకే అందరూ తేళ్లు తోస్తారు. నవ్వుతూ భరించే బృందంలో ఇది అద్భుతం, పగ పట్టేవాళ్లుంటే ఆ సాయంత్రం చేదవుతుంది.

ఇటీవల వచ్చిన చిన్న పెట్టెల్లో పేరు తెచ్చుకున్నవి బుకాయింపు కన్నా తెగింపు మీద నడుస్తున్నాయి. చేతిలో పడిన ముక్కల వరుసను మార్చనివ్వని స్కౌట్ 2022లో జర్మనీ ‘స్పీల్ డెస్ యారెస్’ తుది జాబితాలో నిలిచింది. ఫ్లిప్ 7 అదే జాబితాలోకి 2025లో చేరింది. ఇందులో 12 అంకె ముక్కలు పన్నెండు, 11 అంకెవి పదకొండు, అలా తగ్గుతూ వస్తాయి. పెద్ద అంకె మీద ఆశ పడితే అదే అంకె రెండోసారి వచ్చి రౌండు పోయే ప్రమాదమూ పెద్దదే. ఇది ఉత్త అదృష్టమని కొట్టిపారేసేవాళ్లకు, ఆగాల్సిన చోటు తెలుసుకోవడమే నేర్పు అని మిగతావాళ్లు జవాబిస్తారు.

అదృష్టమా, నేర్పా అన్న ఈ తగువు తెలుగునాట కోర్టుదాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో 1967లో తీర్పిస్తూ సుప్రీంకోర్టు, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి కాబట్టి రమ్మీలో నేర్పు ఉందని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని అంది. బుకాయింపు ఔత్సాహికులు రెండో మాటతో ఏకీభవించడం అనుమానమే. వాళ్ల లెక్కలో ఎదుటి మనిషిని చదవడమూ నేర్పే. ఈ చిన్న ఆటల్లో పందెం డబ్బు లేకపోవడం వల్ల ఆ చర్చ ఇక్కడ ప్రశాంతంగా సాగుతుంది.

అందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: ఈ ఆటల బాగోగులు కట్ట కన్నా బృందం మీదే ఎక్కువ ఆధారపడతాయి. సరదాకైనా అబద్ధం నోట రాని మనుషులుంటారు. వాళ్లతో కూ ఆడిస్తే వాళ్లకూ సుఖం లేదు, పక్కవాళ్లకూ లేదు. అలాంటివాళ్లు లవ్ లెటర్‌లో హాయిగా ఇమిడిపోతారు, అక్కడ నోటితో ఏ అబద్ధమూ చెప్పనక్కర్లేదు. మనుషుల సంఖ్య కూడా ముఖ్యమే. స్కల్ ముగ్గురితో పలచబడుతుంది, అయిదుగురితో చిక్కబడుతుంది.

కొనేవాళ్ల గొణుగుడు ధర దగ్గర మొదలవుతుంది. పదిహేను ముక్కలకు ఇంత డబ్బా, వాటికి ఇంత పెద్ద పెట్టె ఎందుకు అంటారు. ముక్కల అరుగుదల ఇంకో బెడద. 52 ముక్కల పేకలో ఒక మూల నలిగినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 16 ముక్కల్లో రాకుమారి మూల నలిగితే ఆమె ఎవరి చేతిలో ఉందో బల్ల అంతటికీ తెలిసిపోతుంది. అందుకే చాలామంది కట్ట తెరిచిన రోజే ముక్కలకు ప్లాస్టిక్ తొడుగులు వేస్తారు. అలా వేశాక అవి కొన్నిసార్లు పాత పెట్టెలో పట్టవు.