కంటిలోని చక్కెర జాడ పట్టే కృత్రిమ మేధ

ఇంజినీరింగు, కంప్యూటరు, వైద్య శాస్త్రాల కలయికతో ముందస్తు హెచ్చరిక
రోగిని చికిత్సకు చేర్చినప్పుడే ప్రయోజనం

సర్వేంద్రియాల్లో నయనం ప్రధానమని పెద్దల మాట. అంతటి నయనాన్ని చడీచప్పుడు లేకుండా కబళిస్తున్న శత్రువు చక్కెర వ్యాధి. పదేళ్లుగా మాత్రలు మింగుతున్న రైతు ఒకనాటి ఉదయం కంటి ముందు నల్లటి దారాలు తేలుతున్నట్లు గమనిస్తాడు. ఎండ ప్రభావమనుకుని నాలుగు రోజులు ఊరుకుంటాడు. శుక్లం వచ్చిందేమో, పంట చేతికొచ్చాక చూపించుకుందామని మరో రెండు నెలలు గడుపుతాడు. తీరా పట్టణంలోని నేత్ర వైద్యుని వద్దకు చేరేసరికి కంటి లోపల రక్తస్రావం జరిగి, చూపు చాలావరకు పోయి ఉంటుంది. పల్లెల్లో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది. రెండేళ్ల ముందు కంటి లోపలి పొరను ఒక్క ఫొటో తీసి చూసి ఉంటే ఆ చూపు నిలిచే అవకాశం మెండుగా ఉండేది.

ఆ ఒక్క ఫొటోను తీయడం ఇంజినీర్ల పని. దానిని చదవడం ఇప్పుడు కృత్రిమ మేధ నేర్చుకున్న పని. ఆపై చూపును కాపాడటం వైద్యుల పని. ఈ మూడు రంగాల్లోనూ ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన పురోగతి ఒకేచోట కలిసిన అరుదైన సందర్భం డయాబెటిక్ రెటినోపతి నిర్ధారణ. అయితే ఈ మూడింటిలో ఏ ఒక్క కొక్కెం ఊడినా గొలుసు తెగినట్లేనని ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి.

లక్షణాలు లేని వ్యాధి

కంటి వెనుక గోడకు లోపలివైపు పరచుకుని ఉండే పలుచని పొర రెటీనా. మనం చూసే ప్రతి దృశ్యమూ దానిపైనే పడుతుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాకు రక్తం అందించే సన్నని నాళాల గోడలు బలహీనపడతాయి. తొలుత అవి సూదిమొనంత బుడిపెలుగా ఉబ్బుతాయి. తర్వాత రక్తమూ, కొవ్వుతో కూడిన ద్రవమూ కారడం మొదలవుతుంది. రక్తం అందని భాగాల్లో కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి నాసిరకపువి కావడంతో చిట్లి కంటి నిండా రక్తం చేరుతుంది, లేదా రెటీనాను లాగి ఊడదీస్తాయి.

ఈ దశల్లో చాలాభాగం రోగికి నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. బాగానే కనిపిస్తోంది కదా అన్న ధీమాయే కొంప ముంచుతోంది.

సమస్య తీవ్రత తక్కువదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ‘ఇండియాబ్’ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. 40 ఏళ్లు దాటిన మధుమేహుల్లో 12.5 శాతం మందికి, అంటే ప్రతి 8 మందిలో ఒకరికి రెటినోపతి ఉన్నట్లు 2022లో వెలువడిన మరో బహుళ రాష్ట్రాల అధ్యయనం తేల్చింది. 4 శాతం మందిలో అది చూపును హరించే స్థాయికి చేరింది. మధుమేహం ఉన్న ప్రతి ఒక్కరి రెటీనాను ఏటా పరీక్షించాలంటే ఉన్న రెటీనా నిపుణులు ఎంతమాత్రమూ చాలరు. ఉన్నవారు కూడా నగరాల్లోనే అధికం.

కెమెరా చేతిలోకి వచ్చింది

బతికున్న మనిషి రెటీనాను వైద్యులు చూడగలిగేలా జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ఆఫ్తాల్మోస్కోపును ప్రవేశపెట్టారు. కంటి లోపల చీకటి. వెలుగు పంపాలన్నా, అక్కడి దృశ్యం బయటకు రావాలన్నా కంటిపాప అనే చిన్న రంధ్రమే దారి. లోనికి వెళ్లే వెలుగు కనుగుడ్డు ముందు పొరపై పడి మెరిస్తే ఫొటో పాడవుతుంది. అందుకే ఫండస్ కెమెరాలో వెలుగును వలయాకారంలో పంపి, దృశ్యాన్ని ఆ వలయం మధ్య నుంచి తీసుకుంటారు. కంటికి కనిపించని పరారుణ కాంతితో గురి చూసుకుని, క్షణకాలపు మెరుపుతో ఫొటో తీసే రకాలు రావడంతో చాలామందికి కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు అవసరం కూడా తప్పింది.

బల్లపై అమర్చే ఈ కెమెరాల ధర లక్షల్లో ఉండటంతో అవి పెద్దాసుపత్రులకే పరిమితమయ్యాయి. బెంగళూరుకు చెందిన రెమిడియో వంటి సంస్థలు స్మార్ట్‌ఫోన్‌కు కటకాలు జోడించి రెటీనా ఫొటో తీసే పరికరాలను తయారు చేశాయి. తర్ఫీదు పొందిన ఆరోగ్య కార్యకర్త సైతం వీటితో ఫొటో తీయవచ్చు. ఇక మిగిలింది ఆ ఫొటోను చదివేదెవరన్న ప్రశ్న.

యంత్రం నేర్చుకున్న తీరు

ధాన్యం కొనుగోలుదారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసి రకం చెప్పేస్తాడు. ఏ పుస్తకంలోని సూత్రమూ ఆయన వల్లె వేయడు. వేల బస్తాలు చూసిన అనుభవమే ఆయన విద్య. కృత్రిమ మేధ కూడా దాదాపు అదే పద్ధతిలో నేర్చుకుంటుంది. ఫొటోలోని ప్రతి చుక్క రంగునూ కంప్యూటరు ఒక సంఖ్యగా తీసుకుంటుంది. ఆ సంఖ్యలను అనేక అంచెల లెక్కల గుండా పంపి ‘వ్యాధి ఉంది’, ‘లేదు’ అని ఊహిస్తుంది. వైద్యులు అంతకుముందే ఇచ్చిన తీర్పుతో ఆ ఊహను పోలుస్తారు. తప్పయితే లెక్కలోని తూకాలు స్వల్పంగా సవరించుకుంటాయి. లక్షల ఫొటోలపై ఇలా సాగితే తప్పులు క్రమేణా తగ్గుతాయి. నాడీకణాల అల్లికను అనుకరించే ఈ విధానానికి పునాదులు వేసిన జాన్ హాప్‌ఫీల్డ్, జెఫ్రీ హింటన్‌లకు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. అమెరికాతో పాటు భారతీయ నేత్ర వైద్యశాలల నుంచి సేకరించిన 1,28,175 రెటీనా ఫొటోలతో యంత్రానికి శిక్షణ ఇచ్చారు. 54 మంది నేత్ర వైద్యులు ఒక్కో ఫొటోను 3 నుంచి 7 సార్లు పరిశీలించి తీర్పు చెప్పారు. ఒకే ఫొటోపై వైద్యుల మధ్య కూడా భిన్నాభిప్రాయాలు వస్తాయి కనుకనే ఇంత జాగ్రత్త. ఇక 2018 ఏప్రిల్‌లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ‘ఐడీఎక్స్-డీఆర్’ అనే వ్యవస్థకు అనుమతి ఇచ్చింది. నేత్ర వైద్యుడు ఫొటోను చూడనవసరం లేకుండానే రోగిని నిపుణుని వద్దకు పంపాలా వద్దా అన్నది చెప్పేందుకు అనుమతి పొందిన తొలి కృత్రిమ మేధ పరికరం అదే.

నూటికి ఎన్ని?

ఈ యంత్రాల సామర్థ్యాన్ని రెండు లెక్కలతో కొలుస్తారు. వ్యాధి ఉన్న నూరుగురిలో ఎంతమందిని పట్టుకుంది అన్నది మొదటిది. వ్యాధి లేని నూరుగురిలో ఎంతమందిని లేదని సరిగా చెప్పింది అన్నది రెండోది. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి, చెన్నైలోని శంకర నేత్రాలయలో 3,049 మంది మధుమేహులపై జరిపిన పరీక్షల ఫలితాలు 2019లో వెలువడ్డాయి. చికిత్సకు పంపవలసిన స్థాయి వ్యాధిని గుర్తించడంలో మొదటి లెక్క అరవింద్‌లో 88.9 శాతం, శంకర నేత్రాలయలో 92.1 శాతంగా తేలింది. రెండో లెక్క వరుసగా 92.2, 95.2 శాతం. అవే ఫొటోలను చూసిన మానవ పరిశీలకుల మొదటి లెక్క 73.4 నుంచి 89.8 శాతం మధ్య ఉంది.

అంటే యంత్రం మనిషికి దీటుగా నిలిచిందన్నమాట. అయినా వ్యాధి ఉన్న నూరుగురిలో 8 నుంచి 11 మందిని అది వదిలేసిందన్న సంగతీ మరువరాదు. చెన్నైలో 296 మందిపై స్మార్ట్‌ఫోన్ కెమెరాతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో చూపును హరించే స్థాయి వ్యాధిని యంత్రం 99.1 శాతం మందిలో పట్టుకుంది. కానీ అంతటి వ్యాధి లేనివారిలో ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరిని అనవసరంగా అనుమానించింది. వడపోతలో ఇలా ఒకవైపు బిగిస్తే మరోవైపు జారడం సహజం. చూపు విషయంలో అనవసరపు ప్రయాణం కన్నా వ్యాధిని వదిలేయడమే పెద్ద నష్టం. కనుక అనుమానం వైపే మొగ్గు చూపుతారు.

థాయ్‌లాండ్ నేర్పిన పాఠం

ప్రయోగశాలలో నెగ్గిన యంత్రం పల్లె ఆసుపత్రిలో అడుగుపెడితే ఏమవుతుందో థాయ్‌లాండ్ అనుభవం చాటింది. అక్కడి 11 కేంద్రాల్లో గూగుల్ వ్యవస్థ పనితీరును పరిశీలించి 2020లో నివేదిక ప్రచురించారు. తొలి ఆరు నెలల్లో పంపిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని నాణ్యత చాలదంటూ యంత్రం తిరస్కరించింది. కారణం వింతేమీ కాదు. ఫొటో తీసేందుకు చీకటి గది కావాలి. చాలా కేంద్రాల్లో అలాంటి గది లేదు. ఇంటర్నెట్ నెమ్మదించడంతో ఫలితం కోసం రోగులు వేచి ఉండవలసి వచ్చింది. ఫొటో తిరస్కరణకు గురైనవారిని దూరాన ఉన్న ఆసుపత్రికి వెళ్లమనడంతో, కూలి పోగొట్టుకుని వెళ్లాలా అని కొందరు వెనుకంజ వేశారు.

లోటుపాట్లు తెలిశాక పరిస్థితి మెరుగుపడింది. అదే దేశంలో 9 ప్రాథమిక కేంద్రాల్లో 7,940 మందిని పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో చూపును హరించే స్థాయి వ్యాధిని యంత్రం 91.4 శాతం మందిలో పట్టుకుంది. ఇంటర్నెట్ సమస్యకూ పరిష్కారం లేకపోలేదు. ఫొటోను ఎక్కడికీ పంపకుండా ఫోనులోనే ఫలితం చెప్పే వ్యవస్థను ముంబయి నగరపాలక డిస్పెన్సరీల్లో పరీక్షించి 2019లోనే ఫలితాలు ప్రకటించారు.

పట్టుకున్నాక ఏమిటి?

వ్యాధిని పట్టుకోవడం సగం పనే. బలహీన నాళాల బెడదను లేజర్ కిరణాలతో అణచవచ్చని, దానివల్ల తీవ్రమైన చూపు నష్టం సగానికి పైగా తగ్గుతుందని 1970వ దశకంలోనే అమెరికాలో జరిగిన పరీక్షలు నిరూపించాయి. రెటీనా మధ్యభాగంలో వాపు వచ్చినవారికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు తర్వాత వచ్చాయి. వీటిలో ఒకటైన రానిబిజుమాబ్‌కు ఈ వ్యాధిలో వాడేందుకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. దానికి సమానమైన ఔషధాన్ని 2015లో భారతీయ సంస్థ ఇంటాస్ విపణిలోకి తెచ్చింది. ఒక్క ఇంజెక్షనుతో పని ముగియదు. పలుమార్లు తీసుకోవలసి ఉంటుంది.

ఈ చికిత్సలన్నీ ఉన్న చూపును నిలబెట్టడంలో దిట్టలు. పూర్తిగా పోయిన చూపును మాత్రం తిరిగి తేలేవు. ముందస్తు పరీక్షకు ఇంతటి ప్రాధాన్యం ఉన్నది అందుకే.

తెలుగు నేలపై పునాది

హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996-2000 మధ్య నగరంతో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించి ఉమ్మడి రాష్ట్రంలో అంధత్వం లెక్కలు తీసింది. నాటి ప్రధాన కారణం కంటి శుక్లాలే. శుక్లానికి శస్త్రచికిత్సతో చూపు తిరిగి వస్తుంది, రెటినోపతి విషయంలో ఆ వెసులుబాటు లేదు. గ్రామాల్లో ప్రాథమిక నేత్ర కేంద్రాలు, వాటిపైన పట్టణాల్లో శస్త్రచికిత్స కేంద్రాలు, శిఖరాన నిపుణుల ఆసుపత్రి అంటూ ఆ సంస్థ నిర్మించిన అంచెల వ్యవస్థ, ఫొటో నుంచి చికిత్స వరకు రోగి చేయి వదలకుండా నడిపించేందుకు అనువైన నమూనా.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు పేరిట కార్యక్రమాలు ఆరంభమయ్యాయి. కంటి పరీక్షను జనం ముంగిటికే తీసుకువెళ్లడం సాధ్యమేనని అవి చాటాయి. అక్షరాల పటం చదివించి అద్దాలు ఇవ్వడంతో రెటినోపతి బయటపడదు. అదే తరహా శిబిరంలో ఒక రెటీనా కెమెరా, ఒక చీకటి గది, అనుమానితులను ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు తోడైతే ఈ పరిశోధనల ఫలం పల్లెకు చేరుతుంది.

మధుమేహులు గుర్తుంచుకోవలసినవి

* పెద్దవయసులో వచ్చే రెండో రకం మధుమేహం బయటపడిన వెంటనే రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఆపై ఏడాదికోసారి, లేదా వైద్యుడు సూచించిన గడువులో చేయించుకోవాలి.
* ఇన్సులిన్‌పైనే ఆధారపడే మొదటి రకం వారికి వ్యాధి మొదలైన అయిదేళ్లలోపు పరీక్ష అవసరం.
* ముందు నుంచే మధుమేహం ఉన్న గర్భిణులు తొలి మూడు నెలల్లో చూపించుకోవాలి.
* నల్లటి దారాలు, చుక్కలు తేలడం, మెరుపులు, హఠాత్తుగా చూపు మసకబారడం కనిపిస్తే ఒక్కరోజు కూడా జాగు చేయరాదు.
* చక్కెరతో పాటు రక్తపోటునూ అదుపులో ఉంచుకుంటే రెటినోపతి ముప్పు గణనీయంగా తగ్గుతుందని బ్రిటన్‌లో 1998లో వెలువడిన సుదీర్ఘ అధ్యయనం నిరూపించింది.
* యంత్రం ‘వ్యాధి లేదు’ అన్నా చూపులో తేడా అనిపిస్తే వైద్యుణ్ని సంప్రదించాలి. ‘ఉంది’ అంటే కంగారు పడకుండా, వాయిదా వేయకుండా నిపుణుని వద్దకు వెళ్లాలి.