మొండి బాకీ ఉంటే బ్యాంకు కొలువుకు ఎసరు

పరీక్ష నెగ్గి, నియామక ఉత్తర్వు చేతికందాక కూడా బ్యాంకు ఉద్యోగం చేజారవచ్చు. కారణం మార్కులు కాదు, పాత బాకీ.

2020లో స్టేట్ బ్యాంకు ఇచ్చిన ప్రకటన చూసి దరఖాస్తు పెట్టిన ఒక అభ్యర్థి అధికారిగా ఎంపికయ్యారు. 2021లో బ్యాంకు ఆ నియామకాన్ని రద్దు చేసింది. అప్పులు, క్రెడిట్ కార్డు బకాయిలు గడువుకు కట్టనట్లు సిబిల్ నివేదికలో తేలింది. ప్రకటన నాటికే బాకీలన్నీ తీర్చేశానని ఆయన కోర్టుకెక్కారు. తీర్చితే చాలదని, గడువు తప్పని చరిత్ర ఉండాలని, ప్రజల సొమ్ము చూసేవారికి ఆర్థిక క్రమశిక్షణ అవసరమని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది.

ఎవరు ఎంత అప్పు తెచ్చారు, వాయిదాలు ఎలా కట్టారు అనే లెక్క రాసిపెట్టే సంస్థ సిబిల్. 300 నుంచి 900 వరకు మార్కులు వేస్తుంది.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకూ ఇలాంటి కట్టుబాటే ఉంది. 1964 నాటి ప్రవర్తన నియమావళిలోని 17వ నియమం ప్రకారం వారు అలవాటుగా అప్పులపాలు కారాదు. బాకీ వసూలుకు దావా పడితే పై అధికారులకు తెలపాలి. అప్పుల ఒత్తిడిలో ఉన్న మనిషి ప్రలోభానికి లొంగుతాడేమోనన్నదే భయం. అమెరికాలో రక్షణ రహస్యాలు చూసే ఉద్యోగాలకు కూడా అప్పు ఎందుకు మిగిలింది, తీర్చే ప్రయత్నం జరిగిందా అని విచారిస్తారు.

పల్లెల్లో దీనిపై అపోహలున్నాయి. తండ్రి ఒక్కడి పేర ఉన్న పంట రుణం కొడుకు లెక్కలోకి రాదు. కానీ చదువు కోసం తెచ్చిన విద్యారుణం, వాయిదాల మీద కొన్న సెల్‌ఫోను, మోటారుసైకిలు అప్పులు అతని లెక్కలోకే వస్తాయి. స్నేహితుడికి జామీను ఉండి సంతకం పెడితే, అతను ఎగవేసిన బాకీ కూడా జామీనుదారు నివేదికలో కనిపిస్తుంది. కొంత తగ్గించి రాజీకి తీర్చిన బాకీ పూర్తిగా తీరినట్లు కాక, రాజీ అయినట్లుగానే నమోదవుతుంది.

రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు ఎవరి నివేదికను వారు ఏడాదికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. తప్పుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. బాకీ తీరినవారు బ్యాంకు నుంచి బకాయి లేదన్న పత్రం రాయించుకుని దాచుకోవాలి.

ఉద్యోగ పరీక్షకు పుస్తకం పట్టే కుర్రవాడు ఆ రోజే తన బాకీల లెక్క కూడా చూసుకోవడం మేలు.