చదువు ముగియు దినము

బైబిలు పాఠశాలలో చదువు ముగించినవారికి యోగ్యతాపత్రము లిచ్చు సభలు ఆఫ్రికా పల్లెలలో నేటికిని జరుగుచున్నవి. ఆ పత్రమునకు విలువ యెచ్చట తేలును? యొరూబా జాతీయుడగు సామ్యూల్ అజాయి క్రౌథరు కథ వినుడు.

1821లో బానిసల వేటగాండ్రు ఆ బాలుని స్వగ్రామమునుండి పట్టుకొనిపోయిరి. 1822లో ఆంగ్లేయ నౌకాదళమువారు ఓడపై విడిపించి సియెర్రాలియోనులో దింపిరి. బోధకులను, ఉపాధ్యాయులను తయారుచేయుటకై 1827లో అచ్చట నెలకొల్పబడిన ఫౌరాబే విద్యాలయమున అతడు తొలి విద్యార్థులలో నొకడు. 1843లో లండనులో గురుపట్టము నందెను. 1846లో బోధకుడై అబెయొకూటా పట్టణమునకు రాగా, పాతికేండ్ల క్రిందట ఎడబాసిన తల్లి యెదురుపడెను. అప్పు డక్కరకు వచ్చినది లండనులోని పట్టము కాదు. ఆమెయే నేర్పిన యొరూబా పలుకు.

పరదేశమున నేర్చినది ఇంటిమాటలో తల్లికి చెప్పగలిగిననాడే చదువు ముగిసినట్లు.