ఆటలో ఆ కారు ఎందుకు లేదు?

వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు ‘నీడ్ ఫర్ స్పీడ్ హీట్’ అనే కార్ల పందెం వీడియో గేమ్ ముందు కూర్చున్నాడు. కార్ల జాబితాను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఇంకోసారి చూసి, “మామయ్యా, ఇందులో టయోటా ఒక్కటి కూడా లేదు. మన వీధిలోనే నాలుగున్నాయి కదా! ఆట చేసినవాళ్లు మర్చిపోయారా?” అని అడిగాడు.

అడిగింది ఆరో తరగతి పిల్లవాడే. కానీ ఇలాంటి ఆటలు ఆడే పెద్దవాళ్లకు కూడా వచ్చే సందేహమే ఇది. ఒక ఆటలో పోర్షే ఉండదు, ఇంకో ఆటలో ఫెరారీ ఉండదు, మరో ఆటలో అసలు మనకు తెలిసిన కంపెనీ పేరే ఉండదు. ఎందుకిలా? నెమ్మదిగా, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చూద్దాం.

ముందు వాడి అనుమానమే తీసుకుందాం. మర్చిపోయారా? లేదు. ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్లకు కార్లంటే ప్రాణం. పోనీ, ఆ కారు బొమ్మను కంప్యూటర్‌లో తయారుచేయడం చేతకాలేదా? అదీ కాదు. నీడ్ ఫర్ స్పీడ్ వరుసలో మొదటి ఆట 1994లో వచ్చింది. అందులో ఉన్నవే ఎనిమిది కార్లు. వాటిలో ఒకటి టయోటా సుప్రా! అంటే ‘హీట్’కు పాతికేళ్ల ముందే చేసి చూపించిన పని అది. గుర్తుంది, చేతనవును, అయినా చేయలేదు. అంటే వాళ్ల చేతిలో లేనిది ఇంకేదో అడ్డుపడి ఉండాలి.

అదేమిటో తెలియాలంటే ఒక మిఠాయి దుకాణం దగ్గరికి వెళ్లాలి. మీ ఊళ్లో ఎవరో కొత్తగా దుకాణం తెరిచి, బోర్డు మీద పేరున్న సినిమా హీరో ఫోటో పెద్దగా వేయించారనుకోండి. హీరోను మాత్రం అడగలేదు. ఆ ముఖం చూసి జనం వస్తారు, లడ్డూలు అమ్ముడుపోతాయి. ఈ సంగతి హీరోకు తెలిస్తే ఏమంటాడు? “నా ముఖం చూపించి వ్యాపారం చేసుకుంటూ, నన్ను ఒక్క మాటైనా అడగవా?” అంటాడు. ఆ మాటలో న్యాయం ఉందని మనకూ అనిపిస్తుంది.

కారు పేరూ, ముందు భాగాన మెరిసే దాని గుర్తూ ఆ కంపెనీకి ముఖం లాంటివి. వాటిని ట్రేడ్‌మార్కు (వ్యాపార చిహ్నం) అంటారు. ఆ పేరుకు మంచి పేరు తేవడానికి కంపెనీ ఏళ్ల తరబడి కష్టపడి ఉంటుంది. అందుకే దాన్ని ఇంకొకరు వ్యాపారానికి వాడుకోవాలంటే అడిగి వాడుకోవాలని చట్టం చెబుతుంది. ఆటను డబ్బుకు అమ్ముతారు కాబట్టి అదీ వ్యాపారమే.

“పేరు తీసేసి ఉత్త ఆకారం పెట్టుకుంటే?” అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆకారం కూడా ముఖమే. అమెరికాలో ఒక వ్యాపారి ఫెరారీ కార్లను పోలిన బాడీలను ఫైబర్‌గ్లాస్‌తో చేసి అమ్మితే ఫెరారీ కోర్టుకు వెళ్లింది. 1991లో అక్కడి అప్పీలు కోర్టు ఫెరారీ వైపే తీర్పు చెప్పింది. ఆ వంపులు చూడగానే జనానికి ఫెరారీ గుర్తొస్తుంది కాబట్టి ఆకారానికీ రక్షణ ఉంటుందన్నది దాని సారాంశం. ఆటల్లోనూ ఇలాంటి కథ ఒకటుంది. జపాన్‌కు చెందిన సెగా కంపెనీ 1986లో ‘అవుట్‌రన్’ అనే ఆట తెచ్చింది. అందులోని ఎర్ర కారు అచ్చం ఫెరారీ టెస్టరోసాలా ఉంటుంది. కానీ అప్పట్లో అనుమతి తీసుకోలేదు. తర్వాత అదే ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు కారు ఆకారాన్ని కొంత మార్చాల్సి వచ్చింది. 2003లో వచ్చిన ‘అవుట్‌రన్ 2’కి మాత్రం ఫెరారీ అనుమతి తీసుకునే చేశారు.

ఇక్కడికి మొదటి మెట్టు ఎక్కాం. కారు ఆటలోకి రావాలంటే కారు కంపెనీ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలునే లైసెన్సు (వాడుకునే అనుమతి) అంటారు.

లైసెన్సు ఎలా ఉంటుందో తెలియాలంటే ఇల్లు అద్దెకు తీసుకోవడం గుర్తుచేసుకుంటే చాలు. అద్దె ఇంటికి కాగితం రాసుకుంటాం. అందులో నెలకు ఎంతో ఉంటుంది. ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ఉంటుంది. ఎన్నాళ్లో ఉంటుంది. కారు లైసెన్సులోనూ ఇవే ఉంటాయి: డబ్బు, షరతులు, గడువు. ఇల్లు ఖాళీగానే ఉన్నా ఓనరుకు ఇవ్వడం ఇష్టం లేకపోవచ్చు. లేదా అప్పటికే ఇంకెవరికో ఇచ్చేసి ఉండవచ్చు. ఆటలో కారు లేకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ వీటిలోనే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

షరతుల నుంచి మొదలుపెడదాం. “గోడలకు మేకులు కొట్టకూడదు” అనే ఓనర్లు మనకు తెలుసు. కారు కంపెనీలకూ అలాంటి పట్టింపు ఒకటుంది: మా కారు నుజ్జునుజ్జు కాకూడదు. ఎందుకంటే కారు కొనేవాళ్లు ముందు చూసేది భద్రత. ఆటలో తమ కారు అగ్గిపెట్టెలా నలిగిపోతుంటే, చూసేవాళ్ల మనసులో ఆ దృశ్యమే ఉండిపోతుందని కంపెనీ భయం. ఈసారి అసలు కార్లున్న ఆట ఆడేటప్పుడు గమనించండి. ఢీకొంటే బంపరు వంగుతుంది, అద్దం పగులుతుంది, రంగు గీసుకుపోతుంది. మనిషి కూర్చునే భాగం మాత్రం చాలా ఆటల్లో చెక్కుచెదరదు.

మరి కార్లను ముక్కలు చేయడమే సరదాగా పెట్టుకున్న ఆట ఏం చేయాలి? ‘బర్నవుట్’ ఆటలు అలాంటివే. వాటిని చేసినవాళ్లు ఎవరినీ అడిగే పని లేకుండా కార్లను సొంతంగా ఊహించుకుని చేశారు. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’లోనూ అంతే. అందులో కార్లను దొంగిలిస్తారు, తగలబెడతారు, పోలీసుల మీదికి తోలతారు. తన కారుతో అవన్నీ చేయమని ఏ కంపెనీ సంతకం పెడుతుంది? అందుకే అక్కడ గ్రోటీ, పెగాసీ, ఫిస్టర్ లాంటి కల్పిత కంపెనీలు ఉంటాయి. చూస్తే ఫెరారీ, లంబోర్గినీ, పోర్షే గుర్తుకు రావచ్చు. పేరు వేరు, గుర్తు వేరు, ఆకారంలోనూ తేడా ఉంటుంది.

షరతు కారుకు తగిలే దెబ్బల గురించే కాకపోవచ్చు, ఆట స్వభావం గురించి కూడా కావచ్చు. మా వాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ‘హీట్’ ఆటలో పగలు పద్ధతైన పోటీలు, రాత్రి చట్టవిరుద్ధమైన వీధి పందేలు. వెనకాల పోలీసులు తరుముతుంటారు. ఆ ఆట వచ్చిన 2019లోనే, ఇందులో టయోటా ఎందుకు లేదని ఎవరో సోషల్ మీడియాలో అడిగారు. తమ కార్లు ‘గ్రాన్ టురిస్మో’ అనే ఇంకో ఆటలో ఉంటాయని, ఆ ఆట అక్రమ వీధి పందేలను ప్రోత్సహించదని టయోటా బ్రిటన్ విభాగం బదులిచ్చింది. తర్వాత ఆ జవాబును తొలగించింది. అయితే టయోటాకు పందెమంటేనే పడదని కాదు. అదే ఏడాది గ్రాన్ టురిస్మోలో తన సుప్రా కారుతో ఏకంగా ఒక పోటీనే నడిపింది. అది ట్రాక్ మీద, నియమాల ప్రకారం జరిగే పందెం. ‘మా కారు ఎక్కడ, ఎలా కనబడాలి’ అన్నది కంపెనీ ఆలోచన. అది కాలంతో మారుతుంది కూడా. 2003లో వీధి పందేల మీదే వచ్చిన ‘నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్’లో సుప్రా ఉంది. 2018లో ‘ఫోర్జా హొరైజన్ 4’ అనే ఆట విడుదలైనప్పుడు సుప్రా లేదు, మరుసటి ఏడాది అందులోకి వచ్చింది. అప్పుడు అవునన్నది తర్వాత కాదు కావచ్చు, కాదన్నది మళ్లీ అవును కావచ్చు.

ఇక ‘అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు’ అన్న సంగతి. మామిడితోటను గుత్తకు ఇవ్వడం పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. రైతు ఒక వ్యాపారి దగ్గర డబ్బు తీసుకుని, ఈ ఏడు కాపంతా నీదే అంటాడు. ఇక పక్కింటివాళ్లు డబ్బిస్తామన్నా ఒక్క బుట్ట కాయలు కోసుకోవడానికి లేదు. కావాలంటే ఆ గుత్తదారునే అడగాలి. గుత్తాధిపత్యం అనే పెద్ద మాటలో ఉన్నది ఆ గుత్తే. పోర్షే విషయంలో జరిగింది ఇదే. నీడ్ ఫర్ స్పీడ్ ఆటలు తెచ్చే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ సుమారు 2000 నుంచి 2016 దాకా పోర్షే లైసెన్సును గుత్తకు తీసుకుంది. మైక్రోసాఫ్ట్‌వాళ్లు ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్’ ఆటలో పోర్షే పెట్టాలన్నా పోర్షేతో పాటు ఈ గుత్తదారు కూడా ఒప్పుకోవాల్సి ఉండేది. 2011లో ఆ వరుసలో నాలుగో ఆట పోర్షే లేకుండానే విడుదలైంది. మరుసటి ఏడాది మాట కుదిరాక 30 పోర్షే కార్లను విడిగా అమ్మారు.

మిగతావాళ్లు అన్నాళ్లూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. జర్మనీలో రూఫ్ అనే చిన్న కంపెనీ ఉంది. అది పోర్షే నుంచి ఖాళీ బాడీలు తెచ్చుకుని, వాటిని తన పద్ధతిలో బలపరిచి, ఇంజిన్లు అమర్చి, తన సొంత తయారీ నంబరు వేసి అమ్మేది. 1981 నుంచి జర్మనీలో అది కార్ల తయారీదారుగానే గుర్తింపు పొందింది. 1987లో అది చేసిన పసుపుపచ్చ కారు గంటకు 330 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుని కార్ల ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. కారు పోర్షేలా ఉంటుంది, కంపెనీ మాత్రం వేరు. కాబట్టి అనుమతి రూఫ్ ఇస్తే సరిపోయింది. అందుకే గ్రాన్ టురిస్మో ఆడిన ఒక తరం పిల్లలకు పోర్షే కంటే ముందు రూఫ్ పేరు తెలుసు. గుత్త ముగిశాక 2017లో ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’లోకి అసలు పోర్షే వచ్చింది.

ఇక డబ్బు. అనుమతికి ఇచ్చే రుసుము ఒక్కటే కాదు, కారును ఆటలో తయారుచేయడమే పెద్ద ఖర్చు. అసలు కారును అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీస్తారు, కొలుస్తారు, ఇంజిన్ చప్పుడు రికార్డు చేస్తారు. ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మరమేకు దగ్గర నుంచి సీటు కుట్టు దాకా అన్నీ పునర్నిర్మిస్తారు. ఒక్కో కారుకు నెలల తరబడి పని. అంత శ్రమా ఎక్కువమంది కోరుకునే కార్ల మీదే పెడతారు. మనం రోజూ ఎక్కే మామూలు కార్లు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాయి.

ఈ పనికి కంపెనీ సహకారం ఎంతో అవసరం. అడగకుండా వాడుకుని కోర్టులో గెలిచినవాళ్లు ఉన్నా, ఆ అవసరం మాత్రం పోదు. హమ్వీ అనే సైనిక వాహనం తయారుచేసే కంపెనీ, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ యుద్ధం ఆటలో తన వాహనాన్ని అడగకుండా చూపించారని 2017లో అమెరికాలో దావా వేసింది. 2020లో కోర్టు ఆటవాళ్ల వైపే తీర్పు చెప్పింది. యుద్ధాన్ని నిజంలా చూపించడానికి అందులో వాడే వాహనాన్ని చూపించడం కళలో భాగమేనంది. అలాగని కార్ల ఆటలవాళ్లు అడగడం మానేయలేదు. యుద్ధం ఆటలో హమ్వీ కథలో ఒక వస్తువు. కార్ల పందెం ఆటలో కారే కథానాయకుడు. పైగా కొలతలు కావాలి, చప్పుడు కావాలి, తలుపు తీసి లోపల కూర్చోనివ్వాలి. కోర్టులో గెలిచినవాడికి ఇవన్నీ ఎవరిస్తారు? స్నేహంగా అడిగినవాడికే ఇస్తారు.

చివరి మెట్టు గడువు. అద్దె కాగితం గడువు తీరితే మళ్లీ రాసుకోవాలి, లేదా ఖాళీ చేయాలి. ఆటలకూ ఇంతే. ఇందాక చెప్పుకున్న ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబరు 15 నుంచి అమ్మడం ఆపేశారు. కారణం లైసెన్సుల గడువు తీరడమే. అప్పటికే కొన్నవాళ్లు ఆడుకోవచ్చు, కొత్తగా కొనడానికి మాత్రం లేదు. ఎంతోమంది ఏళ్ల తరబడి ప్రేమగా చేసిన ఆట, ఏ లోపమూ లేకుండా, కాగితం మీద తేదీ దాటడం వల్ల దుకాణం నుంచి వెళ్లిపోయింది. ఈ సంగతి నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పుస్తకం పాతబడితే గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. ఇలాంటి ఆటలను ముందు తరాలకు ఎలా దాచి ఉంచాలో మనం ఇంకా ఆలోచించుకోవాలి.

ఇదంతా విన్నాక మా వాడు ఆటను మళ్లీ మొదటినుంచి పెట్టాడు. మొదట్లో తెర మీద చిన్న చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఏ పేరు ఎవరిదో, ఎవరి అనుమతితో వాడుకున్నారో అందులో ఉంటుంది. అందరిలాగే వాడూ ఇన్నాళ్లు బటన్ నొక్కి దాన్ని దాటేశాడు. ఆ రోజు మాత్రం వేలు ఎత్తి పట్టుకుని, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివాడు. చదవడం అయ్యాక నా వైపు తిరిగి, “అయితే మామయ్యా, వచ్చే ఆటలో టయోటా కావాలంటే ఎవరిని అడగాలి?” అన్నాడు.

“ఇద్దరినీ అడగాలిరా. ఆట చేసేవాళ్లనూ, కారు చేసేవాళ్లనూ. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి” అన్నాను.