మొక్కకో పాస్‌బుక్

బ్యాంకు ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు గడిపాను. ఎన్నో ఆడిట్లు చూశాను. లెక్క తేడా వచ్చి తల దించుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. అలాంటి నన్ను రెండో తరగతి చదివే మా మనవరాలు ఒకనాటి ఉదయం లెక్కలో పట్టేసింది. ఆ ముచ్చట మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

మాది మొరప్పూర్. ధర్మపురి జిల్లాలో, సేలం నుంచి జోలార్‌పేట వెళ్ళే రైలు మార్గంలో ఉంది. తాతల నాటినుంచీ మా ఇంట్లో తెలుగే. గడప దాటితే తమిళం. పిల్లలు బడిలో చదివేదీ వ్రాసేదీ తమిళమే. మా జిల్లాలో వానలు అంతంత మాత్రం. బోరు నీళ్ళలో ఫ్లోరైడు బాధ ఒకటి. అది తీర్చడానికే హొగేనకల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం పెట్టారు. 2013లో అది ప్రారంభమైంది. నీటి విలువ మా పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మొక్కల సంగతి మాత్రం అలా కాదు. చుట్టూ పొలాలున్న ఊరే అయినా, ఒకరోజు కూర తరుగుతుంటే మా మనవరాలు, "తాతా, బెండకాయ మట్టిలో ఉంటుందా, పైన కాస్తుందా?" అని అడిగింది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

మా ఇంటికి పెరడు లేదు. డాబా ఉంది. ఆ వారమే ఖాళీ నూనె డబ్బా ఒకటి తీసుకుని, అడుగున రెండు రంధ్రాలు చేసి, మట్టి నింపి బెండ గింజలు పెట్టించాను. వృత్తి అలవాటు పోదు కదా! పాత నోటుపుస్తకం ఒకటి ఇచ్చి, "ఇది నీ మొక్క పాస్‌బుక్" అన్నాను. పోసిన నీళ్ళు, వేసిన ఎరువు జమ. కోసుకున్నది ఖర్చు. ఆ రోజుకు ఉన్న ఆకులు నిల్వ. మొలిచిన మొక్కల్లో బలమైనది ఒక్కటే ఉంచాం. పిల్ల రోజూ ఆకులు లెక్కపెట్టి వ్రాసేది. ఆ వ్రాత చూస్తే మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి!

డిసెంబరు సెలవులకు అది వాళ్ళ నాన్నగారి ఊరికి వెళ్తూ మొక్కను నాకు అప్పగించింది. నేను ప్రేమకొద్దీ పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోశాను. డబ్బా సిమెంటు నేలకు అంటుకుని కూర్చోవడంతో రంధ్రాలు మూసుకుపోయాయని గమనించలేదు. వారం తిరిగేసరికి ఆకులు పసుపుపచ్చబడి, కాడ వాలిపోయింది. పిల్ల ఏడుస్తుందని భయపడి, మిత్రుడి డాబామీద నుంచి అంతే ఎత్తున్న మొక్కను మట్టితోసహా పెళ్ళగించి తెచ్చి అందులో పెట్టేశాను.

ఊరినుంచి వచ్చిన మర్నాడు పుస్తకం పట్టుకుని వచ్చింది. "తాతా, నేను వెళ్ళేటప్పుడు అయిదాకులు. ఇప్పుడు ఏడు. రెండో ఆకుకు పురుగు కొట్టిన చిల్లు ఉండాలి, అదేదీ? ఇది నాది కాదు."

ఏం చెప్పను? దొంగ పద్దు వ్రాసినవాడు ఆడిటరు ముందు నిలబడినట్టే అయింది. నిజం ఒప్పుకున్నాను. కాసేపు ఏడ్చింది. తరువాత, "చచ్చిపోయినది ఎక్కడ పడేశావు?" అంది. చెత్తలోంచి తీసి చూపించాను. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి, కుళ్ళు వాసన వేస్తున్నాయి. వేళ్ళకు నీళ్ళతోపాటు గాలీ కావాలని ఆ పూట ఇద్దరం నేర్చుకున్నాం. అది పుస్తకంలో ఇలా వ్రాసుకుంది: "తాత ఎక్కువ నీళ్ళు పోశాడు. నిల్వ సున్న."

ఈ కథ మా వీధి బడికి చేరింది. ఆ జూన్‌లో మూడో తరగతి టీచరుగారు వారానికి ఒక గంట నాకిచ్చారు. బడికి తోటలు కొత్తేమీ కాదు. 1840లో జర్మనీలో ఫ్రోబెల్ తన పిల్లల బడికి 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. అక్కడ ఒక్కొక్క పిల్లవాడికీ ఒక్కొక్క మడి ఇచ్చేవాడు. మన కేంద్ర ప్రభుత్వం కూడా బడుల్లో పోషకాహార తోటలు పెంచమని 2019లో మార్గదర్శకాలిచ్చింది. స్థలం లేనిచోట డబ్బాలు, కుండీలే మడులు.

మేము చేసినది చెబుతాను. పిల్లకొక డబ్బా. పెరుగు బకెట్టయినా, పగిలిన బిందైనా సరే. రంగులు, పురుగుమందులు ఉన్న డబ్బాలు మాత్రం పనికిరావు. అడుగున నాలుగైదు రంధ్రాలు చేసి, కింద రెండు ఇటుక ముక్కలు పెట్టాలి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమంగా కలపాలి. చిన్నపిల్లలకు ఓపిక తక్కువ కనుక మొదట మెంతులు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరగకుండా కూర చేతికొస్తుంది. తోటకూర విత్తనం మరీ సన్నం, ఇసుకతో కలిపి చల్లాలి. బెండకు అడుగు లోతు డబ్బా, డబ్బాకు ఒకే మొక్క ఉండాలి. గింజలు రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తాయి. నీళ్ళు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడి తగిలితే ఆ రోజుకు జమ లేదు! మధ్యాహ్న భోజనానికి ముందు పిల్లలు చేతులు కడుగుకున్న నీళ్ళు తొట్టిలో పట్టి, అవే పోయించాం. సబ్బు నీళ్ళు కలవకుండా చూసుకున్నాం.

ప్రతి డబ్బాకూ పేరు అట్ట కట్టాం. బడి కనుక పైన తమిళం. తెలుగిళ్ళ పిల్లలు కింద తెలుగులోనూ వ్రాస్తామన్నారు. వ్రాయడం రాదు. ఇంటికి వెళ్ళి అవ్వలను, తాతలను అడిగి నేర్చుకుని వచ్చారు. 'వెండై' మన బెండకు అక్కచెల్లెలని, 'పుళిచ్చ కీరై' అంటే మన గోంగూరేనని తెలిసి వాళ్ళు పడ్డ సంబరం చూడాలి. ఎన్నాళ్ళుగానో ఓనమాలు దిద్దమని బతిమాలినా కూర్చోని పిల్ల, తన మొక్క పేరు కోసం 'బెండ' అని పదిసార్లు దిద్దింది.

ఇరవైనాలుగు డబ్బాల్లో ఏడు ఎండిపోయాయి. "పిల్లలు బాధపడతారు, రాత్రికి రాత్రి వేరేవి పెట్టేద్దామా?" అని టీచరుగారు అడిగారు. వద్దమ్మా అన్నాను. ఆ పాపం ఒకసారి చేసినవాణ్ణి కదా! ఆ ఏడుగురూ మొక్కలు పీకి, వేళ్ళు చూసి, కారణం పుస్తకంలో వ్రాసి, మళ్ళీ గింజలు పెట్టుకున్నారు. ఒకడు మాత్రం, "ఊరి తిరునాళ్ళకు వెళ్ళాను, ఎవరికీ చెప్పలేదు" అని వ్రాశాడు. అంత నిజాయితీ గల పద్దు నా సర్వీసులో నేను అరుదుగా చూశాను.

నేలమీది చెట్టుకు వాన ఉంది, భూమిలో తడి ఉంది. డబ్బాలోని మొక్కకు ఆ పిల్ల తప్ప వేరే దిక్కు లేదు. అందుకే అది చిన్న చేతులకు తగిన బాధ్యత. మీరు బెంగుళూరు ఫ్లాటులో ఉన్నా, ముంబయి చాల్‌లో ఉన్నా ఎండ తగిలే కిటికీ ఒకటి ఉంటుంది కదా. ఒక డబ్బా, గుప్పెడు మెంతులు, ఒక నోటుపుస్తకం ఇచ్చి చూడండి. పేరు మాత్రం తెలుగులో వ్రాయించండి. ఎండిపోతే ఎండిపోనివ్వండి గానీ, దయచేసి నాలా మార్చిపెట్టకండి. పిల్లలు ఆకులు లెక్కపెట్టుకుంటారు!