స్థలాంతరము చెందిన చర్చి: ఆల్డర్మన్‌బరీ సెయింట్ మేరీ

స్థలపురాణములు రచించిన మన పూర్వులు దేవుని మహిమతోపాటు స్థలమహిమను గూడ కీర్తించిరి. కాని కట్టడమే ఒక ఖండమునుండి మఱియొక ఖండమునకు తరలిపోయినచో దాని చరిత్ర ఎచ్చటిదని చెప్పవలెను? లండను నగరములోని ఆల్డర్మన్‌బరీ సెయింట్ మేరీ చర్చి వృత్తాంతమును ఈ దృష్టితో పరిశీలింపదలచితిమి. షేక్స్పియరు నాటకముల పాఠచరిత్రతో సంబంధము కలది యగుటచే సాహిత్యవిద్యార్థులకును ఇది ఉపయుక్తము.

పారిష్ అనగా ఒక చర్చి అధీనమున నుండు పేట. ఆ పేటవారి జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు ఆ చర్చి దస్తరముల కెక్కును. పూర్వము లండను ప్రాకారములోపల ఇట్టి పారిష్‌లు నూటికి దగ్గఱగా నుండెడివి. వానిలో ఒకటైన సెయింట్ మేరీ ప్రసక్తి 1181 నాటికే కానవచ్చుచున్నది. షేక్స్పియరు సహనటులైన జాన్ హెమింజెస్, హెన్రీ కాండెల్ అనువారు ఈ పారిష్ నివాసులు. షేక్స్పియరు మరణానంతరము 1623లో వీరు 36 నాటకములను సంపుటముగా వెలువరించిరి. అందు సగము అంతకుముందు అచ్చుపడనివి. 'మాక్బెత్' వానిలో నొకటి. కాండెల్ 1627లోను, హెమింజెస్ 1630లోను మరణించి ఈ చర్చియందే ఖననము చేయబడిరి.

1666 నాటి మహాగ్నిప్రమాదమున 87 పారిష్ చర్చిలు దగ్ధము లయ్యెను. వానిలో 51 మాత్రమే క్రిస్టఫర్ రెన్ ఆధ్వర్యమున పునర్నిర్మింపబడెను. సెయింట్ మేరీకి ఆ భాగ్యము కలిగినది. సమీపమున నున్న సిల్వర్ వీధి సెయింట్ ఓలేవ్, మిల్క్ వీధి సెయింట్ మేరీ మాగ్డలెన్ చర్చిలకు కలుగలేదు.

రెండవ వినాశమునకు కారణము అగ్ని కాదు, జనక్షయము. నగరము వర్తకస్థాన మగుకొలది నివాసులు శివారులకు తరలిపోయిరి. 1851లో ఇంచుమించు 1,28,000 గా నున్న జనసంఖ్య 1901 నాటికి 27,000 కు దిగినది. పారిష్‌లను కలిపి, మిగులు చర్చిల స్థలములను విక్రయించి, ఆ ధనముతో జనమున్నచోట క్రొత్త చర్చిలు కట్టుటకు 1860 నాటి శాసనము వీలు కల్పించెను. ఇట్లు వుడ్ వీధి సెయింట్ మైకేల్ 1897లోను, బాసిషా సెయింట్ మైకేల్ 1900లోను కూల్చివేయబడెను.

1940 డిసెంబరు 29 రాత్రి జర్మను విమానదాడిలో సెయింట్ మేరీ గోడలు, స్తంభములు మాత్రమే మిగిలెను. ఆ దాడికే గుఱియైన కోల్మన్ వీధి సెయింట్ స్టీఫెన్ తిరిగి లేవలేదు. వుడ్ వీధి సెయింట్ ఆల్బన్ చర్చికి గోపుర మొక్కటే శేషించినది. సెయింట్ లారెన్స్ జ్యూరీ మాత్రము 1957లో పునరుద్ధరింపబడెను.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమున ఫుల్టన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి వెస్ట్‌మినిస్టర్ కళాశాలయందు 1946 మార్చి 5న చర్చిల్ 'ఇనుపతెర' ఉపన్యాస మిచ్చెను. దాని స్మారకముగా ఈ శిథిలమును తరలింప నిశ్చయించిరి. ఇంచుమించు 7,000 రాళ్లకు అంకెలు వేసి, ఓడపై తరలించి, రెన్ రూపకల్పన ననుసరించి తిరిగి పేర్చిరి. లోపలి దారుకర్మ అంతయు నూతనము. 1969 మేలో ఈ చర్చి ప్రతిష్ఠింపబడెను.

ఇచ్చట ఏమి రక్షింపబడినది? రాళ్లు, వాని అమరిక, రెన్ రూపకల్పన రక్షింపబడినవి. పారిష్ రక్షింపబడలేదు. కాని దానిని హరించినది ఈ తరలింపు కాదు. రాళ్లకంటె చాల ముందే జనులు తరలిపోయిరి. పాతస్థలమున పునాదుల జాడయు, హెమింజెస్, కాండెల్ గార్ల కొఱకు 1896లో నిలిపిన స్మారకమును నేటికిని ఉద్యానములో నున్నవి. కావున ఈ చర్చి చరిత్ర వ్రాయువారు ఫుల్టన్‌లో కట్టడమును, లండనులో స్థలమును, దస్తరములలో జనులను వెదకవలెను. కూలిన పొరుగు చర్చిలను విడిచి దీని నొక్కదానినే వర్ణించినచో, ఇది నిలుచుట ఎంత అరుదైన విషయమో తెలియకపోవునని మా అభిప్రాయము.